ఇంటిపేరున్న తూటా



మా చిన్నతనంలో ఊరి మొత్తానికి లైసెన్సు తుపాకి ఒక్కటే ఉండేది. పన్నెండు బోరుది. చెరుకు తోటల మీద అడవిపందులు పడినప్పుడే అది బయటికి వచ్చేది. మర్నాడు తెల్లవారగానే పిల్లలం గట్ల వెంట పరుగెత్తి వెతికేది పంది కోసం కాదు, ఖాళీ తూటా కోసం. ఇత్తడి అడుగు, ఎర్రటి ఒళ్ళు, లోపల కాలిన మందు వాసన. అది దొరికినవాడికి ఆ వారమంతా బడిలో మర్యాద వేరు. ఒకసారి ఆ తుపాకి పెద్దాయన్ని అడిగాను, "తాతా, పన్నెండు బోరు అంటే ఏంటి?" అని. "ఒరేయ్, ఒక పౌను సీసం కరిగించి పన్నెండు సమానమైన గుండ్లు పోశావనుకో. ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఈ గొట్టం లోపల అంత లావు," అన్నాడాయన. ఆ లెక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఐర్లాండులో అదే లెక్క మళ్ళీ ఎదురైంది. పౌను సీసాన్ని పన్నెండుగా కాక యాభైనాలుగు గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వ్యాసం అంగుళంలో .442 వంతు వస్తుంది. పాతకాలపు ఇంగ్లీషు రివాల్వర్లలో ఒక రకాన్ని అందుకే 54 బోరు అనేవారు. ఆ కొలత మీదే తర్వాత ఒక ఇత్తడి తూటా పుట్టింది. .442 వెబ్లీ దాని పేరు. దానికే ఇంకో పేరు .442 ఆర్.ఐ.సి. అంటే రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ. ఒక దేశపు పోలీసు దళం పేరును మోస్తున్న తూటా! ఈ పూట దాన్ని పట్టుకునే నాలుగు మాటలు చెబుతాను. తుపాకి క్రీడను ఇష్టపడేవాళ్ళు చాలామంది ఇలాంటి అరుదైన తూటాల మీద, ముఖ్యంగా ఒక్క కంపెనీ తన కోసం తాను తయారుచేసుకున్న పిస్టల్ తూటాల మీద, ఎందుకంత ప్రాణం పెడతారన్నదే నా విషయం.

ముందుగా ఆ పోలీసు దళం సంగతి. 1867లో ఐర్లాండులో బ్రిటిష్ పాలన మీద ఫీనియన్ల తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచినందుకు మెచ్చి విక్టోరియా రాణి ప్రభుత్వం ఐరిష్ కాన్‌స్టాబ్యులరీకి 'రాయల్' అన్న బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడే, 1868లో, ఆ దళం బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ రివాల్వర్‌ను తీసుకుంది. గట్టి ఇనుప చట్రం, పొట్టి గొట్టం, చేతిలో ఇమిడే పిడి. తూటాలో పొగ కక్కే పాత రకం మందు. ముందున్న సీసపు గుండు సుమారు 14 గ్రాములు. వేగం సెకనుకు దాదాపు 700 అడుగులు, ఈనాటి లెక్కలో నెమ్మదే. కానీ ఆ రివాల్వరూ ఆ తూటా ఒకదానికోసం ఒకటి పుట్టాయి. వెబ్లీ వాళ్ళు 1872లో దీన్నే ఇంకా కురచ చేసి 'బ్రిటిష్ బుల్‌డాగ్' అని అమ్మారు. బెల్జియంలోనూ అమెరికాలోనూ దానికి లెక్కలేనన్ని నకళ్ళు వచ్చాయి.

మనకు ఈ దళంతో పరోక్షంగా చుట్టరికం ఉంది. 1859 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు ఐరిష్ కాన్‌స్టాబ్యులరీయే ఒక నమూనా. అంటే మన కోస్తా జిల్లాల పాత పోలీసు ఠాణాలకు మేనమామ వరసయ్యేది డబ్లిన్‌లో ఉండేది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులూ తూటాలూ పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళినవేమిటో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా ఆ రోజే, ఐర్లాండులో కార్క్ జిల్లా బేల్ న బ్లా అనే చోట ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మాటుకాల్పుల్లో నేలకొరిగాడు. ఆ నెలాఖరుకే రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ రద్దయిపోయింది. ఈ మూడూ ఒక్క నెలలో జరిగాయని మొదటిసారి గమనించినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ దళం స్థానంలో వచ్చిన గార్డా పోలీసులు మామూలు విధుల్లో తుపాకి పట్టకూడదని నిర్ణయించుకున్నారు. ఇప్పటికీ డబ్లిన్ వీధిలో కనిపించే సాధారణ కానిస్టేబుల్ నడుముకు రివాల్వర్ ఉండదు. పోలీసు పేరుతో పుట్టిన తూటాకి ఆ దేశపు పోలీసుల్లోనే వారసుడు లేకుండా పోయాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి డొప్ప, అడుగున దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న క్యాపు, లోపల మందు, మూతి దగ్గర గుండు. డొప్ప పొడవు వెంట్రుకవాసి మారినా, అంచు కాస్త వెడల్పయినా అది ఇంకో తుపాకిలో దూరదు. తాళానికీ చెవికీ ఉన్న పొత్తు లాంటిది వీటి పొత్తు. ఒక కంపెనీ తన తుపాకి కోసం తానే తూటా రూపొందించి దానికి తన పేరు పెట్టుకుంటే, దాన్ని ఇంటిపేరున్న తూటా అంటాను నేను. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాటికి చివర ఉంటుంది, అంతే తేడా. .416 రిగ్బీ, .442 వెబ్లీ, .45 గ్లాక్ అలాంటివి.

రిగ్బీ పేరెత్తాక డబ్లిన్‌ను దాటిపోలేను. 1775లో జాన్ రిగ్బీ అనే పనివాడు డబ్లిన్‌లో తుపాకుల దుకాణం పెట్టాడు. ద్వంద్వయుద్ధాల కాలంలో ఆ ఇంటి జోడు పిస్టళ్ళకు గొప్ప పేరు. ఆయన మనవడు, రెండో జాన్ రిగ్బీ, స్వయంగా గురి తప్పని షూటర్. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో ఐరిష్ జట్టు అమెరికన్లతో తలపడినప్పుడు ఆయన ఆ ఆరుగురిలో ఒకడు. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐరిష్ వాళ్ళవి మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు. అమెరికన్లవి వెనకనుంచి తూటా పెట్టే కొత్త రైఫిళ్ళు. చివరికి 934కి 931తో అమెరికా గెలిచింది. తేడా మూడంటే మూడు పాయింట్లు. ఐరిష్ షూటర్ ఒకరు కాల్చిన గుండు లక్ష్యం నడిబొడ్డున తగిలింది, కాకపోతే అది పక్కవాళ్ళ లక్ష్యం. దానికి సున్నా వేశారు. అప్పట్లో నడిబొడ్డుకి నాలుగు పాయింట్లు! ఆ రోజు గురి తప్పకుండా ఉంటే తూటా తుపాకులకు అంత త్వరగా అంత పేరు వచ్చేదా అని నేనెన్నోసార్లు ఆలోచించాను.

ఆ రిగ్బీయే తర్వాత లండన్ చేరి, ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారానికి సూపరింటెండెంటై, 1898లో పొగలేని మందుతో .450 అనే పెద్ద జంతువుల వేట తూటా తెచ్చాడు. 1907 ప్రాంతంలో ఇండియాలో ఆ .450 కొలత రైఫిళ్ళ మీద ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఆ కొలత తూటాల సరుకు తిరుగుబాటుదార్ల తుపాకులకు పనికొస్తుందేమోనని భయం. అప్పుడేం జరిగింది? ఒక్కో లండన్ కంపెనీ ఆ కొలతను ఇటో అటో జరిపి .465 అనీ .470 అనీ .475 అనీ కొత్త తూటాలు మార్కెట్లోకి తోసింది. అంటే మన దేశంలో రాసిన ఒక ఉత్తర్వు వల్ల ఇంగ్లండులో కొత్త తూటాల సంతానమే పుట్టుకొచ్చింది. అరుదైన తూటాలకు తల్లి ఎప్పుడూ నిపుణుడి ప్రతిభే అనుకుంటాం. సగం సార్లు తల్లి చట్టమే.

మన దగ్గర ఇప్పటికీ అంతే. సైన్యమూ పోలీసులూ వాడే 9 మిల్లీమీటర్ల వంటి తూటాలు సామాన్యుడికి నిషిద్ధం. అందుకే లైసెన్సున్న మన రైతుకైనా వ్యాపారికైనా చేతి తుపాకిగా మామూలుగా దొరికేది .32. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం చేసే రివాల్వర్‌లో పడే తూటా అసలు పేరు .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. 1896 నాటి అమెరికన్ కంపెనీ సొంత తూటా అది. విచిత్రమేమిటంటే, మనవాళ్ళు 'ఇంతకంటే ఇవ్వరు కాబట్టి' కొనే ఈ తూటానే అంతర్జాతీయ సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో క్యాపు ఉండే తూటా) పిస్టల్ పోటీల్లో గురికోసం ఏరికోరి వాడతారు. తక్కువ కుదుపు, కాగితం మీద శుభ్రంగా పడే రంధ్రం. దాన్ని చులకన చేసేవాళ్ళని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక్కడ నాకు తట్టిన ఒక సంగతి చెప్పాలి. .45 ఏ.సి.పి. అని ప్రపంచమంతా పలికే మాటలో 'సి' అంటే కోల్ట్, కంపెనీ పేరు. .32 ఏ.సి.పి.లోనూ అదే. 9 మిల్లీమీటర్ల తూటాకి లూగర్ అనే పేరు తగిలించి ఉంది. అవీ ఒకప్పుడు ఇంటిపేరున్న తూటాలే. అందరూ వాడేసరికి ఆ పేరు నోళ్ళలో నలిగి అరిగిపోయింది. నిలదొక్కుకున్న తూటాకి ఇంటిపేరు పోతుంది. నిలవలేని తూటాకే ఆ పేరు చెక్కు చెదరకుండా మిగులుతుంది. అభిమానులు ప్రేమించేది ఆ మిగిలిన పేరునే. డొప్ప అడుగున గుండ్రంగా చెక్కిన అక్షరాలు భూతద్దం పెట్టి చదివేవాళ్ళను చూడండి. గొల్లపల్లిలో ఒకే మానులోంచి తొలిచిన బొబ్బిలి వీణను వేలితో తడిమి చూసే వైణికుడి ముఖంలో ఉండే వెలుగే వాళ్ళ ముఖంలోనూ ఉంటుంది. ఒక మనిషి ఒక సమస్యను ఇలా కాక అలా ఆలోచించాడన్నదానికి అది సాక్ష్యం.

అమెరికాలో దీనికి మంచి ఉదాహరణ 10 మిల్లీమీటర్ల తూటా. 1983లో కాలిఫోర్నియాకి చెందిన ఒక చిన్న కంపెనీ, పిస్టల్ విద్యలో పేరుమోసిన జెఫ్ కూపర్ సలహాతో 'బ్రెన్ టెన్' అనే పిస్టల్ తెచ్చింది. తూటా స్వీడన్‌లో నార్మా కంపెనీ చేసింది. పిస్టల్ అందంగా ఉంది, తూటా బలంగా ఉంది, కానీ తూటాలు పెట్టుకునే మ్యాగజైన్లు సమయానికి రాలేదు. డబ్బు ముందే కట్టినవాళ్ళకి మ్యాగజైన్ లేని పిస్టళ్ళు చేరాయి. 1986కల్లా కంపెనీ దివాలా తీసింది, అప్పటికి తయారైనవి పదిహేను వందలకు అటూ ఇటూ. తూటా అనాథ కావలసిందే. మరుసటి ఏడు కోల్ట్ కంపెనీ అదే తూటాకి తన పిస్టల్ ఒకటి చేసి దాన్ని బతికించింది. తర్వాత ఎఫ్.బి.ఐ. తీసుకుంది, ఆ డొప్పను కురచ చేస్తే 1990లో .40 అనే ఇంకో తూటా పుట్టింది. ఈ రోజు 10 మిల్లీమీటర్ల తూటాని ఇష్టపడేవాళ్ళకి ఈ కథంతా కంఠతా వచ్చు.

గ్లాక్ వాళ్ళ .45 గ్యాప్ కథ ఇంకోలా నడిచింది. 2003లో వచ్చింది. పిడి సన్నగా ఉండాలని పాత .45 తూటానే కురచ చేశారు. కొన్ని అమెరికా రాష్ట్రాల పోలీసులు తీసుకున్నారు, తర్వాత వదిలేశారు. ఆలోచనలో తప్పు లేదు. అయినా దుకాణంలో పాత .45 పెట్టెలు పదుంటే, దీని పెట్టె ఒకటి కూడా దొరకని పరిస్థితి. అరుదైన తూటా ఉన్నవాడి బతుకు ఇదే. తుపాకి చేతిలో ఉంటుంది, దానికి మేత దొరకదు. వాడిన ఇత్తడి డొప్పల్ని ఒక్కటీ పోగొట్టకుండా మైదానంలో వంగి వంగి ఏరుకుంటాడు. అలా వంగి ఏరుకోవడంలోనే కొందరికి ఆనందం ఉంది. సులువుగా దొరికేదాని మీద మనిషికి అంత శ్రద్ధ ఉండదు.

అయితే ఆ ఆనందం శాంతికాలపు సరదా. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు అరుదైన తూటా ఎంత బరువో ఐర్లాండుకి బాగా తెలుసు. 1914 జులై 26న ఐరిష్ జాతీయవాది ఎర్స్‌కిన్ చైల్డర్స్ తన 'ఆస్గార్డ్' పడవలో 900 జర్మన్ మౌజర్ రైఫిళ్ళను డబ్లిన్ దగ్గర హౌత్ రేవుకి చేర్చాడు. ఐరిష్ వాలంటీర్లు వాటిని పట్టపగలు భుజాన వేసుకుని నడిచారు. కానీ ఆ రైఫిళ్ళు 1871 నమూనావి. 11 మిల్లీమీటర్ల లావుపాటి తూటా, ఒక్కసారికి ఒక్కటే. వారం తిరిగేసరికి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. జర్మనీ నుంచి ఆ తూటా ఇక మామూలు దారిలో వచ్చే వీల్లేదు. చుట్టూ ఉన్న బ్రిటిష్ బారక్సుల్లో దొరికేది వీటిలో పట్టదు. 1916 ఈస్టర్ తిరుగుబాటులో ఉన్న తూటాలనే లెక్కపెట్టుకుంటూ ఆ పాత తుపాకులతోనే పోరాడారు. ఆ ఆస్గార్డ్ పడవను డబ్లిన్ కాలిన్స్ బారక్స్ మ్యూజియంలో భద్రపరిచారు. చెక్క పడవ, పెద్దదేమీ కాదు. దాని పక్కన నిలబడితే నాకు గొంతు పూడుకుపోయింది. ఎందుకంటే చైల్డర్స్ కథ అక్కడితో అయిపోలేదు. అంతర్యుద్ధం వచ్చాక, 1922 నవంబరులో, కొత్త ఐరిష్ ప్రభుత్వమే ఆయన్ని తుపాకి దగ్గర పెట్టుకున్నాడన్న నేరం మీద కాల్చి చంపింది. ఆ తుపాకి చిన్న .32 స్పానిష్ పిస్టల్. అంతకుముందు స్నేహంగా ఉన్న రోజుల్లో మైకేల్ కాలిన్స్ ఇచ్చిన కానుక. ఆయన కొడుకు 1973లో ఐర్లాండు అధ్యక్షుడయ్యాడు.

అలాంటి చరిత్ర ఉన్న దేశంలో పిస్టల్ క్రీడ ఎంత ఇరుకు దారిలో నడిచిందో చెబితే మన షూటర్లు ఆశ్చర్యపోతారు. 1972లో ఉత్తర ఐర్లాండు అల్లర్లు ముదిరినప్పుడు, లైసెన్సున్న పిస్టళ్ళన్నీ, .22కి మించిన రైఫిళ్ళన్నీ ఒక నెలపాటు గార్డా స్టేషన్లలో అప్పగించమని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. 'తాత్కాలిక' అన్న మాట ఆ ఉత్తర్వు పేరులోనే ఉంది. ఆ నెల ముప్పై ఏళ్ళకు పైగా సాగింది. 2004లో ఒక షూటర్ కోర్టుకెక్కాక గాని పిస్టల్ లైసెన్సులు తిరిగి ఇవ్వలేదు. నాలుగేళ్ళు కాస్త ఊపిరాడింది. 2008 నవంబరు 19న మళ్ళీ తలుపు మూసుకుంది. ఆ తేదీకి ముందు లైసెన్సు ఉన్నవాళ్ళు తప్ప కొత్తవాళ్ళెవరూ సెంటర్‌ఫైర్ పిస్టల్ పొందడానికి వీల్లేదని 2009 చట్టం తేల్చింది. కొత్తగా చేరే కుర్రాళ్ళకు మిగిలింది .22 మాత్రమే. అమెరికాలోలా ఇంట్లో బల్ల వేసుకుని డొప్పల్లో మళ్ళీ మందు నింపుకునే వెసులుబాటూ అక్కడ లేదు.

వాళ్ళ మీద జాలి పడకండి. .22 చిన్నదే గాని చిన్నచూపు చూడదగ్గది కాదు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం తెచ్చింది ఆ .22తోనే. కానీ 2008కి ముందు లైసెన్సు పొందిన ఐరిష్ షూటర్ల సంగతి వేరు. వాళ్ళ సంఖ్య ఇక పెరగదు, ఒక్కొక్కరే తగ్గుతారు. ప్రపంచంలో మామూలుగా దొరికే 9 మిల్లీమీటర్ల పిస్టల్ కూడా వాళ్ళ చేతుల్లో అరుదైన వస్తువైపోయింది. అరుదుతనం తూటాలో ఉండదు, అది ఉన్న నేలలో ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది.

మళ్ళీ మన .442 దగ్గరికి. కాలం గడిచేకొద్దీ దాన్ని తయారుచేసేవాళ్ళు లేకుండా పోయారు. బ్రిటన్‌లో పాత తుపాకులకు ఒక జాబితా ఉండేది. తూటా దొరకని కొలత అని అందులో చేరితే, ఆ రివాల్వర్‌ను లైసెన్సు లేకుండానే అద్దాల బీరువాలో అలంకారంగా పెట్టుకోవచ్చు. .442 ఎన్నో ఏళ్ళు ఆ జాబితాలో ప్రశాంతంగా ఉంది. ఐరిష్ పోలీసుల ముద్ర ఉన్న రివాల్వర్ల మీద సేకర్తలకు మక్కువ ఎక్కువ. పిడి మీద గీతలు, గొట్టం మీద అరిగిన నంబర్లు, ఏ పల్లె బారక్సులో ఏ కానిస్టేబుల్ నడుముకి వేలాడిందో అన్న ఊహ. ఈ మక్కువను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ఒక రివాల్వర్‌ను పట్టుకుని దాని వెనక ఉన్న ఊళ్ళనీ మనుషుల్నీ వెతుక్కుంటూ పోయేవాడు, దాన్ని ఎవరి మీదికీ గురిపెట్టడు.

గురిపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. లైసెన్సు అక్కర్లేని ఆ పాత రివాల్వర్లను నేరగాళ్ళు కొని, వాటిలో పట్టేలా తూటాలు దొంగచాటుగా చేయించుకోవడం మొదలుపెట్టారు. చచ్చిపోయిందనుకున్న తూటా బ్రిటన్ నగరాల్లో మళ్ళీ మనుషుల్ని గాయపరిచింది. దాంతో ప్రభుత్వం ఏడు రకాల తూటాలను ఆ జాబితాలోంచి తీసేసింది. 2021 మార్చి 22 నుంచి అమలు. స్మిత్ అండ్ వెసన్ రష్యన్ తూటా, పాత కోల్ట్ తూటా, డచ్చి, జర్మన్, ఫ్రెంచి సైనిక రివాల్వర్ల తూటాలు, వాటి మధ్యన .442. దశాబ్దాలుగా అల్మారాలో నిద్రపోయిన రివాల్వర్లకు యజమానులు లైసెన్సు తెచ్చుకోవాలి, లేదా వదులుకోవాలి. గడువు ఆరు నెలలు.

ఆ జాబితా చదివిన సాయంత్రం నేను మా ఊరి తాతకి ఫోను చేయాలనుకున్నాను. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. యాభైనాలుగు బోరు లెక్క ఆయనకి చెప్పి ఉంటే, వెంటనే పౌను సీసం కరిగించి ఉండేవాడు.